మఫ్టీలో ఎర్ర కారు

పాత పోలీసు సీరియళ్లను తలచుకుని నిట్టూర్చే అమెరికా పెద్దలు, ఆ రోజుల్లో పోలీసులంటే పోలీసులని, కార్లంటే కార్లని నేటికీ వాదిస్తుంటారు. 1975లో ఏబీసీ ఛానల్‌లో మొదలైన ‘స్టార్‌స్కీ అండ్ హచ్’ కథానాయకులు మఫ్టీలో, అనగా యూనిఫాం లేకుండా గుట్టుగా నిఘా వేసే డిటెక్టివులు కాగా, వారు ఎక్కి తిరిగినది మాత్రం టముకు వేసినట్టుండే ఎర్రటి ఫోర్డ్ గ్రాన్ టొరినో. పైగా దాని పక్కల నుంచి పైకప్పు మీదికి పాకిన తెల్లటి పట్టీ ఒకటి. అది వీధి మొగలో ఆగినా అనుమానించకపోవడం ఆ ఊరి దొంగల పెద్దమనిషి తరహాకు నిదర్శనమనుకోవాలి. చమురు కొరత కారణంగా గంటకు 55 మైళ్లు, అంటే సుమారు 88 కిలోమీటర్లు, మించరాదన్న పరిమితి 1974 నుంచి దేశమంతటా అమలులో ఉన్నందున, పగలు బుద్ధిగా నడిపిన జనం రాత్రి టీవీ ముందు టైర్ల కీచుకీచులు వింటూ వేగం ముచ్చట తీర్చుకున్నారు.

1984లో వచ్చిన ‘మయామి వైస్’ డిటెక్టివ్ నడిపిన నల్లటి ఫెరారీ డేటోనా అసలు ఫెరారీయే కాదు. షెవ్రొలే కార్వెట్ ఛాసిస్ మీద పరాయి తొడుగు బిగించిన రెప్లికా, అనగా నకలు బండి. ఫెరారీ సంస్థ నకలు తయారీదారు మీద దావా వేసి, సీరియల్‌కు మాత్రం అసలైన టెస్టరోసాలు సమకూర్చింది. మారువేషాన్ని నిష్ఠగా పాటించిన ఆ ఒక్క కార్వెట్‌ను 1986లో తెర మీదే పేల్చేశారు.