నేనూ కత్తి నిపుణుణ్ణే

మా ఇంట్లో కత్తులు కొనే అధికారం నాది, వాటితో కూరలు కోసే పని మా ఆవిడది. ఈ పంపకం వల్లే ఇన్నేళ్లుగా నేను నిపుణుడిగా చెలామణి అవుతున్నాను.

మెదక్‌లో కొలిమి ముందు నిలబడి కత్తి చేతిలోకి తీసుకోగానే నా వాలకమే మారిపోతుంది. ఒక కన్ను మూసి వెన్ను వెంబడి చూస్తాను. గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుంటాను. ఖంగుమంటుంది. అలా మోగడం మంచిదో చెడ్డదో తెలియదు గానీ తల మాత్రం పంకిస్తాను. ఆ తర్వాత ఉపన్యాసం. నిజామాబాదు వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం ఇస్ఫహాన్ నుంచి పారశీక వర్తకుడు వచ్చేవాడనీ, 1820 ప్రాంతంలో హెన్రీ వాయిసీ దొర కళ్లారా చూసి రాశాడనీ, డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిన ఉక్కు ఇలాంటి ఊళ్లదేననీ.

కమ్మరి ఓపిగ్గా విన్నాడు. "గది మంచిదే సారూ. ఇది మాత్రం లారీ కమాన్ పట్టీ."

నాకు పట్టు దొరికింది. "తుక్కు ఇనుముకు నాలుగు వందలా? రెండు వందలు చేసుకో."

"తుక్కే సారూ. పట్టీ ఉత్తగనే ఇస్త, మీరే కొట్టుకోండ్రి" అంటూ సమ్మెట నా వైపు జరిపాడు. ఎత్తాను. అంటే, ఎత్తబోయాను. భుజం కంటే ముందు నడుం జవాబిచ్చింది.

"ఇటియ్యిండ్రి, మీరు చూసుడు సాలు" అని మా ఆవిడ కత్తి అందుకుంది. పిడి కదులుతోందేమో ఊపి చూసింది. ఆకురాయి అడిగి అంచు మీద రాసింది. జారిపోయింది. మెత్తని ఇనుమైతే కరుచుకుంటుందట. సంచీలోంచి బాగా పండిన టమాట తీసి, నొక్కకుండా కోసింది. నాలుగు వందలూ ఇచ్చేసింది.

దారంతా నాకు పాఠం. లారీ పట్టీలో వంద గ్రాములకు అర గ్రాము పైచిలుకు కర్బనం ఉంటుంది కాబట్టి ఎర్రగా కాల్చి ముంచితే గట్టిపడుతుంది. కిటికీ చువ్వను ఎంత కాల్చినా గట్టిపడదు. గట్టిపడ్డది పెళుసు కూడా. మళ్లీ సన్న సెగ మీద కాచి ఆ పెళుసు తీయాలి. కాక ఎక్కువైతే అంచు మడత పడుతుంది, తక్కువైతే పెచ్చులూడుతుంది. కొలతంతా రంగును బట్టే. కొలిమి పాక చీకటిగా ఉండేది అందుకే. ఎండలో ఎరుపు ఎంతో కంటికి అందదు. డబ్బు ఆ కంటికి గానీ ఇనుముకు కాదు.

ఇవన్నీ నీకెలా తెలుసన్నాను. చిన్నప్పుడు వాళ్లింటి కొడవళ్లు కొలిమికి మోసే పని ఆమెదేనట. పెళ్లయిన ఇన్నేళ్లలో నేనెప్పుడూ అడగలేదు, ఉపన్యాసానికే టైం సరిపోయింది.

మర్నాడు చింతకాయలు కోయగానే కత్తి నల్లబడింది. నాసిరకమని సంబరపడ్డాను. కర్బనం ఉన్న ఉక్కుకు పులుపు తగిలితే అంతేనని ఆమె తుడిచి నూనె రాసింది. నల్లబడని స్టెయిన్‌లెస్ కత్తి కూడా ఇంట్లో ఉంది. మాల్‌లో బేరమాడకుండా వెయ్యి పెట్టి నేనే కొన్నాను. అది ఇప్పుడు డబ్బాల మూతలు తీస్తోంది.

మెదక్‌లో కత్తి కొనాలంటే మా ఆవిడను తోడు తీసుకెళ్లండి. నన్ను తీసుకెళ్తే ధర పెరుగుతుంది.