మా వైపు అంతా బాగానే ఉంది సార్

పని చేయకుండానే పని ముగించడానికి పనికొచ్చే వాక్యాల్లో "మా వైపు అంతా బాగానే ఉంది సార్" అన్నదానికి సాటి లేదు. నెట్ కనెక్టయ్యే ఉంది, సైట్లు మాత్రం తెరుచుకోవట్లేదు అని ఏ ఇంటర్నెట్ కంపెనీకైనా ఫోన్ చేసి చూడండి. ముందు పాట వినిపిస్తారు. తర్వాత మీ కాల్ తమకెంతో ముఖ్యమని రికార్డు వేస్తారు. చివరికి మనిషి దొరుకుతాడు. మీ మాట సగంలో ఉండగానే అతని ప్రశ్న వచ్చేస్తుంది.

"రౌటర్ ఓసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా సార్?"

"చేశాను బాబూ."

"ఇంకోసారి చేయండి సార్, ఈసారి ముప్పై సెకన్లు ఆగి."

చేస్తారు. ఏమీ మారదు. అప్పుడు లైట్ల విచారణ మొదలవుతుంది. ఎర్ర లైటు వెలుగుతోందా? లేదు. పచ్చ లైటు నిలకడగా ఉందా? ఉంది. "అయితే నెట్ వస్తోంది సార్, మీ సిస్టంలోనే ప్రాబ్లం." ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేరం మీ బల్ల మీది కంప్యూటర్‌కి చుట్టుకుంటుంది. మీ ఫోన్‌లోనూ అదే వైఫై మీద అవే సైట్లు రావట్లేదని మీరు చెప్పబోయేలోపు టికెట్ మూసేసినట్టు మెసేజ్ వస్తుంది.

ఆ పచ్చ లైటు దేనికి సాక్ష్యం? ఫైబర్ తీగలో వెలుగు మీ ఇంటి డబ్బా దాకా చేరిందని, డబ్బా అవతలి పెట్టెతో మాట కలిపిందని. అంతే. ఆ తర్వాత ఏం జరుగుతోందో దానికి తెలియదు, తెలుసుకోవడం దాని పనీ కాదు. విండోస్ మూలన కూర్చుని అంతా కులాసా అని చెప్పే వైఫై బొమ్మదీ ఇదే తంతు. విస్టా కాలం నుంచి విండోస్‌లో ఓ చిన్న పరీక్ష ఉంది. మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఒక చిరునామాకు వెళ్లి, అక్కడున్న బుల్లి టెక్స్ట్ ఫైల్ తెచ్చుకుంటుంది. ఇప్పటి విండోస్‌కైతే ఆ ఫైల్లో దొరికేది "మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్" అనే మూడు ముక్కలు. అవి వచ్చాయంటే ఇంటర్నెట్ ఉన్నట్టు. మీ బ్యాంకు, మీ పిల్లాడి పరీక్ష ఫలితాలు, మీసేవ, రైలు టికెట్, వీటిలో ఏదీ ఆ పరీక్షలో ప్రశ్న కాదు. ఆండ్రాయిడ్ ఫోన్ గూగుల్ సర్వర్‌ని ఇలాగే పలకరిస్తుంది. 204 అనే అంకెతో ఖాళీ జవాబొస్తే చాలు, తృప్తిపడిపోతుంది. సొంత గుమ్మం దాకా వెళ్లొచ్చి లోకమంతా క్షేమమని చెప్పే ఏర్పాటిది.

ఇక స్పీడ్ టెస్ట్ సంగతి. ఇంటికొచ్చిన టెక్నీషియన్ బ్యాగులోంచి తీసే మొదటి ఆయుధం అదే. సూది సర్రున లేచి మూడొందల దగ్గర ఆగుతుంది. "ఫుల్ స్పీడ్ వస్తోంది సార్!" ఆయన ముఖంలో నిజమైన సంతోషం. ఆ టెస్ట్ సాధారణంగా దగ్గరలో ఉన్న సర్వర్‌ని ఎంచుకుంటుంది. ఆ సర్వర్ చాలాసార్లు ఆ కంపెనీ నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. సొంత పెరట్లో పరుగెత్తి టైమ్ చెబుతున్నారన్నమాట. అయినా సైటు రావట్లేదంటే ఆయన తన ఫోన్ తీసి, తన మొబైల్ డేటా మీద ఆ సైటు తెరిచి మీ ముందు పెడతాడు. "చూడండి సార్, సైట్ ఓపెనవుతోందిగా." సైటు బాగానే ఉందని మనకూ తెలుసు నాయనా, మన గొడవ దాని ఆరోగ్యం గురించి కాదు.

ఇంతకీ సైట్లు ఎందుకు రావు? ఎక్కువసార్లు తేడా వచ్చేది పేర్ల దగ్గర. మనం సైటు పేరు కొడతాం, యంత్రాలకు కావాల్సింది అంకెల చిరునామా. ఒకప్పుడు నెట్‌వర్క్‌లో ఉన్న యంత్రాలన్నిటి పేర్లూ ఒకే ఒక ఫైల్లో ఉండేవి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని చూసుకునేది. యంత్రాలు పెరిగి అది మోయలేని బరువయ్యాక, 1983లో పాల్ మొకపెట్రిస్ ఆ పనిని ఎన్నో సర్వర్లకు పంచే పద్ధతి రూపొందించాడు. అదే డీఎన్ఎస్. మీరు పేరు కొట్టగానే ఆ ప్రశ్న రౌటర్ గుండా, మీరు వేరే ఏర్పాటు చేసుకోకపోతే, మీ కంపెనీ వాళ్ల డీఎన్ఎస్ సర్వర్‌కే వెళ్తుంది. అది పలకకపోతే తీగ బాగుంటుంది, వెలుగు బాగుంటుంది, లైట్లు పచ్చగా ఉంటాయి, అప్పటికే కలిసి ఉన్న వాట్సాప్ కాసేపు నడుస్తుంది కూడా. సైట్లు మాత్రం రావు.

దీన్ని తేల్చడానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెర తెరిచి "పింగ్ 8.8.8.8" అని కొట్టాలి. జవాబొస్తే దారి ఉన్నట్టే. తర్వాత "ఎన్ఎస్ లుకప్" అని, పక్కన ఏదైనా సైటు పేరు కొట్టాలి. అక్కడ నీళ్లు నమిలితే దొంగ దొరికినట్టే. ఇంట్లో ఏ పరికరంలో చూసినా ఇదే వరస అయితే ఆ దొంగ ఉండేది చాలావరకు కంపెనీ వాళ్ల ఇంట్లోనే. విండోస్ ట్రబుల్‌షూటర్ కూడా ఈ మాట చెబుతుంది, మీ కంప్యూటర్ అమరిక సరిగ్గానే ఉన్నట్టుంది గానీ డీఎన్ఎస్ సర్వర్ స్పందించట్లేదని. ఇంత స్పష్టంగా పేరు పెట్టి చెబుతున్నా వినే నాథుడు లేడు. చివరికి కస్టమరే సెట్టింగుల్లోకి వెళ్లి, గూగుల్ 2009 డిసెంబర్‌లో ఉచితంగా తెరిచిన 8.8.8.8నో, క్లౌడ్‌ఫ్లేర్ 2018లో సరిగ్గా ఏప్రిల్ ఒకటిన ప్రకటించిన 1.1.1.1నో రాసుకుంటాడు. కంపెనీ చేయాల్సిన పని తను చేసుకుని, బిల్లు మాత్రం గడువులోపు కడతాడు.

అలాగని ప్రతి రోగానికీ 8.8.8.8 రాసిచ్చే అరకొర పండితులేమీ తక్కువ తినలేదు. పాత డెస్క్‌టాప్‌లో నాణెమంత బ్యాటరీ ఒకటుంటుంది, సీఆర్ 2032. అది చచ్చిపోతే, పవర్ తీసినప్పుడల్లా గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. కంప్యూటర్ తాను ఇంకా 2010లో ఉన్నాననుకుంటే, నేటి సైట్ల సర్టిఫికెట్లు ఇంకా పుట్టని బిడ్డల జాతకాల్లా కనిపిస్తాయి. బ్రౌజర్ తలుపేసుకుంటుంది. క్రోమ్ అయితే మీ గడియారం వెనకబడిందని ఉన్న విషయం ఉన్నట్టు చెబుతుంది. పేటలో షాపుకు తీసుకెళ్తే వాళ్లు మాత్రం తెర వైపు చూడకుండానే "విండోస్ కరప్టయింది అన్నా, ఫార్మాట్ కొట్టాలి" అంటారు. కొడతారు. ఆ హడావిడిలో టైమ్ సరైపోతుంది, సైట్లు వస్తాయి, డబ్బులు చేతులు మారతాయి. ఇంటికి తెచ్చి స్విచ్చి తీసి వేస్తే మళ్లీ పాత ఏడాదే. ఈలోపు పెళ్లి ఫొటోలు పోయి ఉంటాయి.

కొన్ని సైట్లొచ్చి కొన్ని రాకపోవడమనే ఇంకో రకం ఉంది. చిన్న ప్యాకెట్లు వెళ్తాయి, 1500 బైట్ల పెద్దవి దారిలో ఆగిపోతాయి, ఎందుకంటే ఆ లైను మోసేది 1492 మాత్రమే. ఇది కస్టమర్ కేర్‌కి చెబితే మీకే ఏదో అయిందనుకుంటారు.

అన్నిటికీ రీస్టార్టే మందనే వాళ్లు 2012 జూలై 9 సంగతి వినాలి. డీఎన్ఎస్ ఛేంజర్ అనే వైరస్ లక్షల కంప్యూటర్లలో చేరి, పేర్లు అడిగే చిరునామానే దొంగల సర్వర్లకు మార్చేసింది. 2011 నవంబర్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ఆ ఎస్టోనియా ముఠాను పట్టించాక, ఆ సర్వర్లను ఉన్నపళంగా ఆర్పేస్తే బాధితులందరికీ సైట్లు ఆగిపోతాయని, కోర్టు అనుమతితో వాటి స్థానంలో మంచివి పెట్టి కొన్ని నెలలు నడిపారు. గడువు ముగిసి ఆ జూలై 9న ఆర్పేశారు. అప్పటికీ బాగుచేసుకోని యంత్రాలకు లైనుంది, సైట్లు లేవు. వాటిని ఎన్నిసార్లు ఆర్పి వెలిగించినా అవి అదే చచ్చిన చిరునామాను అడుగుతూ ఉంటాయి.

2021 అక్టోబర్ 4 రాత్రి తొమ్మిది దాటాక ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ కలిసి ఆరేడు గంటలు మాయమయ్యాయి. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక్క కమాండ్ వాళ్ల అంతర్గత నెట్‌వర్క్‌ను తెంపేసింది, దాంతో వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లు తమ దగ్గరికి వచ్చే దారుల్ని తామే లోకం నుంచి వెనక్కి తీసుకున్నాయి. తప్పు ఎక్కడో అమెరికాలో. ఆ రాత్రి రౌటరు ఆర్పి వెలిగించని ఇల్లు మాత్రం మా వీధిలో లేదు.

రీస్టార్ట్ ఎందుకూ పనికిరాదని కాదు. కొత్త చిరునామా వస్తుంది, కంపెనీతో లాగిన్ మళ్లీ జరుగుతుంది, పాత చెత్త పోతుంది, ఒక్కోసారి సైట్లూ వస్తాయి. తంటా అంతా అక్కడే. పోయింది ఏమిటో, ఎందుకు పోయిందో చూపించే ఆనవాళ్లు కూడా ఆ చెత్తతోనే పోతాయి. వారానికోసారి అదే జబ్బు తిరగబెడుతుంది, వారానికోసారి అదే ముప్పై సెకన్లు. కంపెనీ పుస్తకాల్లో మాత్రం అవి విడివిడిగా "పరిష్కరించిన" ఫిర్యాదులు.

కస్టమర్ కేర్ కాగితంలో లైటు రంగు ఉంది, తీగ ఉంది, ప్లగ్గు ఉంది. "తెర మీద ఏం రాసుంది సార్?" అనే ప్రశ్న లేదు. అది అడిగితే పని ఒక్క నిమిషంలో తేలుతుంది. డీఎన్ఎస్ అని ఉంటే కంపెనీది, గడియారం అని ఉంటే బ్యాటరీది, ప్రాక్సీ అని ఉంటే ఎప్పుడో వేసుకుని తీసేసిన వీపీఎన్‌ది. ఈసారి అడగకపోయినా మీరే ఆ తెర ఫొటో తీసి పంపండి. వాట్సాప్‌లో పెట్టమంటారు, అదెలాగూ నడుస్తోంది. నీలం టిక్కులు పడతాయి. కాసేపటికి జవాబొస్తుంది: సార్, మీ రౌటర్ పాత మోడల్, డ్యూయల్ బ్యాండ్‌ది తీసుకోండి, రేపు మా అబ్బాయిని పంపిస్తాం.