రెండు పుట్టిళ్ల బండి

తన కథ చెప్పే ముందు ఈ బండి డిక్కీ మూత వైపు ఒకసారి చూడమంటుంది. అక్కడ మెర్సిడెస్ నక్షత్రం తప్ప ఇంకేమీ లేదు. మోడల్ పేరుండాల్సిన చోట ఖాళీ. 1992లో దీన్ని కొన్న మొదటి యజమాని బ్యోబ్లింగెన్ దగ్గర చిన్న లేత్ వర్క్‌షాపు నడిపేవాడు. ఆర్డరు రాసేటప్పుడే పేరు అతికించొద్దన్నాడు. జర్మనీలో అలా అడగడం మామూలే. బండితో పాటు వచ్చిన డేటా కార్డులో దానికో కోడ్ కూడా ఉంటుంది: 260. రంగు ముదురు బూడిద. సిగ్నల్ దగ్గర పక్కన ఆగినవాళ్లు దీన్ని రిటైరైన మాస్టారెవరిదో డీజిల్ కారు అనుకుంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఇదే ఆకారంలో 75 హార్స్‌పవర్ల 200 డి కార్లు ఊరూరా తిరిగాయి, టాక్సీలుగా రాత్రింబవళ్లు పనిచేశాయి. ఈ బండి మాత్రం 500 ఇ. దీని ఇంజిన్ 326 హార్స్‌పవర్లది.

తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. చక్రాల మీది మడ్‌గార్డులు నాలుగూ కొద్దిగా ఉబ్బి ఉంటాయి. ఒళ్లు ఇదే ఆకారపు మామూలు డబ్ల్యూ124 కంటే 23 మిల్లీమీటర్లు కిందికి దిగి ఉంటుంది. ఎప్పుడో ఒకసారి పెట్రోలు బంకులో ఓ పెద్దాయన దగ్గరికొచ్చి, ఆ ఉబ్బు మీద అరచెయ్యి ఆనించి, యజమాని వైపు చూసి తలాడిస్తాడు. ఈ బండికి దొరికిన మెప్పుల్లో దానికి మించింది లేదు.

ఆ ఉబ్బే దీని పుట్టుకను అంత చిత్రమైన సంగతిగా చేసింది.

1980ల చివరలో వేగంగా పోయే పెద్ద సెడాన్ అంటే అందరూ బీఎండబ్ల్యూ ఎం5 పేరే చెప్పేవాళ్లు. మెర్సిడెస్ దగ్గర 500 ఎస్ఎల్ కోసం తయారైన అయిదు లీటర్ల వీ8 ఇంజిన్ ఉంది, గట్టితనానికి పేరుపడ్డ డబ్ల్యూ124 ఒళ్లు ఉంది. ఒకదాన్ని ఒకదాంట్లో కూర్చోబెట్టే పనిని 1988లో తనలాగే స్టుట్‌గార్ట్‌లో ఉన్న పోర్షెకు అప్పగించింది. పోర్షె ఇంజినీర్లు బ్రేకులు, సస్పెన్షన్, ఇంజిన్ కూర్చునే చోటు అన్నీ కొత్తగా చూసుకున్నారు. ముందు ఖాళీ మిగలకపోవడంతో బ్యాటరీ డిక్కీలోకి పోయింది. అంతా కుదిరాక అసలు చిక్కు బయటపడింది. మెర్సిడెస్‌వాళ్ల జిండెల్‌ఫింగెన్ కర్మాగారంలో డబ్ల్యూ124లు తయారయ్యే లైనులో ఈ ఉబ్బిన మడ్‌గార్డులు పట్టలేదు.

అదే సమయంలో పోర్షె కష్టాల్లో ఉంది. అమ్మకాలు పడిపోతున్నాయి. దాని సుఫెన్‌హౌజెన్ ఫ్యాక్టరీలో 959 అనే అపురూపమైన కారును చేత్తో బిగించిన రోస్లె బావు షెడ్డుకు చేతినిండా పని లేదు. అలా ఈ బండికి రెండో పుట్టిల్లు దొరికింది. ఒంటి భాగాలు జిండెల్‌ఫింగెన్ నుంచి లారీల మీద సుఫెన్‌హౌజెన్‌కు వెళ్లేవి, అక్కడ ఒళ్లు అతికేది. రంగు కోసం తిరిగి జిండెల్‌ఫింగెన్‌కు వచ్చేది. ఆరిన రంగుతో మళ్లీ సుఫెన్‌హౌజెన్ చేరితే ఇంజిన్, గేర్‌బాక్స్, సీట్లు బిగించేవాళ్లు. కడపటి తనిఖీకి, అప్పగింతకు మళ్లీ జిండెల్‌ఫింగెన్. ఒక్కో బండికి 18 రోజులు పట్టేది. నీది ఏ ఊరు అని అడిగితే ఒక్క పేరు చెప్పి ఊరుకోవడం ఈ బండి వల్ల కాదు. 1990 పారిస్ మోటార్ షోలో మొదటిసారి జనం ముందుకొచ్చిన ఈ రకం 1995లో ఆగిపోయే నాటికి 10,479 బళ్లే తయారయ్యాయి. రోస్లె బావు మాత్రం ఖాళీగా ఉండిపోలేదు. ఆడీ ఆర్ఎస్2 అవాంట్, 315 హార్స్‌పవర్ల ఆ ఎస్టేట్ కారు, ఆ షెడ్డులోనే తయారైంది. ఆడీ ఆర్ఎస్ కార్లన్నిటికీ అదే పెద్దక్క. ఆ లెక్కన ఇవాళ ఆటోబాన్ మీద ఎదురయ్యే బూడిదరంగు ఆర్ఎస్6లు ఈ బండికి బంధువులే అవుతాయి.

రంగు సంగతీ చెప్పాలి. మొదట్లో పందేల్లో జర్మనీ కార్లది తెలుపు రంగు. 1934 జూన్ 3న నూర్‌బర్గ్‌రింగ్‌లో జరిగిన ఐఫెల్ పందెంలో మెర్సిడెస్ డబ్ల్యూ25 వెండిరంగులో దిగింది. మాన్‌ఫ్రెడ్ ఫాన్ బ్రౌఖిచ్ దాన్ని నడిపి గెలిచాడు. అప్పటి టీమ్ మేనేజర్ ఆల్ఫ్రెడ్ నాయ్‌బావర్ తరవాత చెప్పిన కథ ఏమిటంటే, బరువు 750 కిలోల హద్దుకు ఒక కిలో ఎక్కువ తూగితే రాత్రికి రాత్రి తెల్లరంగంతా గీకేశారని, కింది అల్యూమినియం బయటపడిందని. కథ చక్కగానే ఉంది. అయితే ఆ రోజు పందెం ఆ బరువు నిబంధన కింద జరగలేదని చరిత్రకారులు తేల్చారు. ఎలా వచ్చినా ఆ రంగు మాత్రం నిలిచిపోయింది. వాటిని వెండి బాణాలు అన్నారు. అప్పటి నుంచి వేగంగా పోయే జర్మన్ కారును వెండిలోనో బూడిదలోనో చూడటం కళ్లకు అలవాటైంది.

ఇప్పటి కుర్రాళ్లు మోజుపడేది ఆడీవాళ్ల నార్డో గ్రే. తళుకు లేకుండా, తడి సిమెంటులా ఉంటుంది. నార్డో ఇటలీ మడమ దగ్గరి ఊరు. అక్కడ 12.6 కిలోమీటర్ల గుండ్రటి టెస్ట్ ట్రాక్ ఉంది. 1983 ఆగస్టులో ఈ బండికి అన్నలాంటి 190 ఇ 2.3-16 ఆ ట్రాక్ మీద రాత్రీ పగలూ తిరిగి, 50,000 కిలోమీటర్లు సగటున గంటకు 247.94 కిలోమీటర్ల వేగంతో పూర్తి చేసింది. ఎనిమిది రోజులు దాటిన పరుగు అది. నార్డో గ్రే కారు కొనేవాళ్లు ఈ సంగతి కూడా తెలుసుకుంటే ఆ రంగు వాళ్లకు ఇంకాస్త దగ్గరవుతుంది.

ఈ బండి అయితే బూడిదరంగును మనసారా ఇష్టపడింది. ఎర్ర కారు వెనకే పదిమంది పడతారు, పోటీకి కవ్విస్తారు. దీని జోలికి ఎవరూ రాలేదు. మొదటి యజమాని రోజూ పొద్దున దీన్ని వర్క్‌షాపు ముందు పెట్టి, చేతులకు నూనె పట్టించుకుని సాయంత్రం దాకా పనిచేసేవాడు. పనివాళ్లలో ఒకరిద్దరికి తప్ప దాని ఖరీదు లక్షా ముప్పై నాలుగు వేల మార్కులకు పైనే అని తెలియదు. వెనక సీట్లు రెండే. మధ్యలో మూడోవాళ్లు కూర్చోవడానికి చోటు లేదు. ఇంట్లోవాళ్లు సణిగినా ఆయన పట్టించుకోలేదు. కూతురికి పెళ్లయ్యాక రెండు సీట్లు చాలన్నాడు. రెండో యజమాని సంగతి పెద్దగా చెప్పుకోవడానికి లేదు. ఎక్కువ కాలం గ్యారేజీలో గుడ్డ కప్పి ఉంచాడు.

మూడో యజమాని తెనాలి అబ్బాయి. స్టుట్‌గార్ట్‌కు ఎమ్మెస్ చదవడానికి వచ్చి, బ్రేకుల సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగంలో కుదురుకున్నాడు. తోటివాళ్లు వాయిదాల మీద కొత్త కార్లు తీసుకుంటుంటే ఇతను దాచుకున్న డబ్బంతా పెట్టి తన ఈడుదే అయిన కారు కొన్నాడు. ఆ వేసవిలో అతని తండ్రి జర్మనీ చూడటానికి వచ్చాడు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి నిలబడ్డాడు.

“ఏరా, ఇంత దూరం వచ్చి పాత బండి కొన్నావా? ఇట్టాంటిది మన వైపు ఎప్పుడో చూశాను.”

“చూసే ఉంటావు నాన్నా. మన దేశంలో బెంజివాళ్లు పుణెలో మొట్టమొదట బిగించింది ఈ ఆకారమే, 95లో. అది ఇ 220. ఇది వేరే.”

“వేరే అంటే?”

“ఎక్కు, చెబుతా.”

ఏ81 మీద దక్షిణంగా, బోడెన్‌జే సరస్సు వైపు బయల్దేరారు. ఊరి పరిధి దాటాక, వేగానికి హద్దు లేని ముక్క వచ్చింది. జర్మనీలో 1978 నుంచి 130ని సిఫార్సు వేగంగా చెబుతారు. దాన్ని మించితే జరిమానా ఉండదు గానీ, ప్రమాదం జరిగితే బాధ్యతలో వాటా మీద పడవచ్చు. కుర్రాడు అద్దాలన్నీ చూసుకుని ఎడమ లైనులోకి వచ్చాడు. పెడల్ సగానికి పైగా దిగింది. నాలుగు గేర్ల ఆటోమేటిక్ ఒక మెట్టు దిగి, వీ8 గొంతు మారింది. అరుపు కాదు, ఎత్తు నుంచి పడే నీటి హోరు లాంటిది. 480 న్యూటన్ మీటర్ల గుంజుడుకు పెద్దాయన వీపు సీటుకు అతుక్కుపోయింది. 160, 180, 200. ఆయన కుడికాలు నేలను గట్టిగా తొక్కుతోంది, అక్కడ బ్రేకు లేకపోయినా.

ముందు వెళ్తున్న కారొకటి ఇండికేటర్ వేసి కుడికి తప్పుకుంది. పెద్దాయనకు వేగం కంటే అదే ఎక్కువ నచ్చింది.

“హారన్ కొట్టకుండానే జరిగాడేంట్రా!”

“ఇక్కడ కుడిపక్క నుంచి దాటకూడదు నాన్నా. అందుకని దాటిన ప్రతివాడూ ఎడమ లైను ఖాళీ చేస్తాడు.”

“మా బస్సులకు స్పీడ్ లాక్ వేసేవాళ్లు. దీనికీ ఉందా?”

“ఉంది. రెండొందల యాభై దగ్గర.”

ఆయన కాసేపు ఏమీ అనలేదు. ఆ లాక్ సంగతి ఈ బండి చెప్పగలదు: 1980ల చివరలో జర్మన్ కంపెనీలు ఒకరి తరవాత ఒకరు తమ పెద్ద కార్లకు 250 దగ్గర ఎలక్ట్రానిక్ కళ్లెం వేసుకుంటూ వచ్చాయి. బీఎండబ్ల్యూ 750 మొదటి వాటిలో ఒకటి. చట్టమేదీ అడగలేదు, వాళ్లలో వాళ్లు కుదుర్చుకున్న మాట అది.

ఇంత బలమున్న బండిని కొనడం ఒక రోజు పని, ఉంచుకోవడం ఏళ్ల తరబడి పని. కుర్రాడు చల్లటి ఇంజిన్‌ను ఎప్పుడూ తరమడు. దీని మీటర్ల గుత్తిలో ఆయిల్ ప్రెషర్ ముల్లు ఒకటుంది. చల్లగా ఉన్నప్పుడు సిగ్నల్ దగ్గర ఆగినా అది పైన 3 మీదే ఆని ఉంటుంది. ఆయిల్ కాగి పలచబడ్డాక, ఆగినప్పుడల్లా కిందికి దిగుతుంది. అలా దిగడం కళ్లారా చూశాకే అతను కాలికి పని చెబుతాడు. టైర్లు 225/55, పదహారు అంగుళాలవి. గాడి ఎంత లోతున్నా సరే, పక్కన అచ్చువేసిన నాలుగంకెల్లో వారం, ఏడాది చదివి, పాతబడితే మార్చేస్తాడు. 200 వేగంలో గట్టిపడిన రబ్బరును నమ్మడానికి లేదు. వెనక సస్పెన్షన్‌లో నైట్రోజన్ నింపిన బుడ్లుంటాయి. డిక్కీలో బరువెంతున్నా ఒళ్లును సమంగా నిలబెట్టేది ఆ ఏర్పాటే. గ్యాసు తగ్గితే చిన్న గతుకుకే వెనక భాగం దబ్బుమంటుంది. వాటిని తనే విప్పి మార్చుకున్నాడు. పెట్రోలు సంగతి దాచేదేమీ లేదు: వందకు 13, 14 లీటర్లు, ఆటోబాన్ మీద తరిమితే 20 దాటుతుంది. అందుకే ఆఫీసుకు రైల్లో వెళతాడు.

2022లో ఈ బండికి ముప్పై నిండాయి. జర్మనీలో ముప్పై దాటి, అసలు రూపంతో, మంచి స్థితిలో ఉన్న కారుకు నంబరు చివర హెచ్ అక్షరం ఇస్తారు. పరీక్షించే ఇంజినీరు బండిని లిఫ్ట్ మీద ఎత్తించి, లైటు పట్టుకుని తుప్పు కోసం సందుసందూ వెతికాడు. స్టీరింగ్, చక్రాలు, సైలెన్సర్ అన్నీ కంపెనీవేనా అని చూశాడు. పాసైంది. పన్ను ఏడాదికి 191 యూరోల 73 సెంట్లు, ఇంజిన్ ఎంత పెద్దదైనా అంతే. స్టుట్‌గార్ట్‌లాంటి నగరాల పర్యావరణ జోన్‌లోకి స్టిక్కర్ లేకుండా వెళ్లొచ్చు.

మరుసటేడు పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఈసారి ఆవకాయతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా తెచ్చుకున్నాడు. కొడుకు ఇన్సూరెన్సులో ఆయన పేరు చేర్పించాడు. ఆదివారం పొద్దున ఖాళీగా ఉన్న ఓ ఫ్యాక్టరీ పార్కింగులో తాళం చేతికిచ్చాడు. పెద్దాయన సీటు ముందుకు జరుపుకుని, అద్దాలు సర్దుకుని, ఎడంకాలు చాచి వెతికాడు. “క్లచ్ లేదు నాన్నా, ఆ కాలు పక్కన పెట్టేసెయ్” అన్నాడు కొడుకు. రెండు చుట్లు తిరిగేసరికి ఆయన చేతులకు స్టీరింగ్ అలవాటైంది. ముప్పై ఏళ్లు బస్సు తిప్పిన ఆ చేతుల పట్టు వేరు. వంపులో ఎక్కడా అనవసరంగా దిద్దలేదు, బ్రేకు ఒక్కసారి కూడా కుదుపుగా పడలేదు.

ఏ81 ఎక్కాక రాట్‌వైల్ దాకా ఆయనే నడిపాడు. ముందు రోడ్డంతా ఖాళీ, హద్దు లేదు, కొడుకు “కొంచెం నొక్కు” అంటున్నాడు. ముల్లు 110 దాటలేదు. ఆ వేగంలో కూడా ఈ బండి ఆ రోజు తృప్తిగా పరుగెత్తింది. రాట్‌వైల్‌లో ఆగి, కాఫీ తాగి వచ్చాక బానెట్ ఎత్తమన్నాడు. గేజీ పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి ఎండకు పట్టి చూశాడు.

“అర లీటరు తగ్గిందిరా. ఇంటికెళ్లే ముందు పోయించు.”