మూడు వేల మర్యాద

బడిలో వంటంటే మహా అయితే రెండు మూడు గంటల పనేనట. ఈ మాట అనేవాళ్లకి నాదొక మనవి. బుచ్చిరెడ్డిపాలెంలో ఏ మెస్సుకైనా వెళ్లి వంటమాస్టరుతో ఇదే మాట అనండి: "మధ్యాహ్నం దాకే కదా మాస్టారూ, నెలకి మూడు వేలు పుచ్చుకోండి. జీతమనుకోకండి, గౌరవమనుకోండి." ఆయన గరిటె ఎత్తేలోగా ముంబయి రోడ్డెక్కే ఓపిక మాత్రం ఉంచుకోండి.

మన సర్కారు లెక్కలు నిక్కచ్చి. ప్రాథమిక బడిలో బిడ్డకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. నూరుమందికి ఇద్దరు వంటవాళ్లు. అంటే పది కిలోల బియ్యం కడిగి వార్చడం, అయిదు కిలోల కూరగాయలు తరగడం, నూరు గుడ్లు ఉడకబెట్టడం, వడ్డించడం, ఆనక అండాలు తోమి వంటగది కడగడం ఇద్దరు ఆడవాళ్ల పని. రాగిజావ ఉన్న రోజు పొయ్యి ఇంకా ముందే వెలగాలి. నూనెని గ్రాముల్లో తూచినవాళ్లు ఈ చాకిరీని గంటల్లో కొలవరు. కొలిస్తే అది కూలి అవుతుంది, కూలంటే కనీస వేతనం అడుగుతారు. అందుకే 'గౌరవ వేతనం' అన్నారు.

2009లో కేంద్రం ఈ గౌరవానికి నెలకి వెయ్యి రూపాయలని వెల కట్టింది, అదీ ఏడాదికి పది నెలలే. ఎండాకాలం సెలవుల్లో వంటమనిషికి ఆకలెయ్యదని ఢిల్లీలో ఎవరో కనిపెట్టి ఉండాలి. మన రాష్ట్రం 2019లో దాన్ని మూడు వేలు చేసింది. 2025-26లో ఇక్కడ ఉపాధి హామీ రోజుకూలి 307 రూపాయలు. కనిగిరి రిజర్వాయరు కింద కాలవల్లో పది రోజులు పూడిక తీస్తే మూడు వేలు దాటుతుంది. ఆ నీళ్లతో పండే బియ్యాన్ని నెలంతా వండినా దాటదు.

ఈ బడి మధ్యాహ్న భోజనానికి పేర్ల కరువు మాత్రం లేదు. 2020లో గోరుముద్ద అన్నారు, 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో వేళ కాని వేళ వచ్చినవాళ్లకీ అన్నం పెట్టిన మహాతల్లి, పేరు పెట్టడం సబబే. కాకపోతే ఆవిడ పెట్టింది తన ఇంటి అన్నం. ఇక్కడ ఆవిడ పేరు చెప్పి వంటమనిషి రెక్కల కష్టాన్ని సర్కారు దానం చేస్తోంది. బిల్లులు ఆలస్యమైతే కిరాణా కొట్లో పప్పూ నూనే అప్పు తెచ్చేదీ ఆ మనిషే. మూడు వేల మనిషి ప్రభుత్వానికి అప్పిచ్చి నడిపిస్తోందంటే, ప్రపంచ బ్యాంకు వాళ్లు వచ్చి పాఠాలు చెప్పించుకోవాలి.

"పిల్లలు దేవుళ్లమ్మా, ఇది సేవ" అంటారు. ఒప్పుకుందాం. మరి తనిఖీకొచ్చి, ఓ ముద్ద నోట్లో వేసుకుని, ఉప్పు తగ్గిందని రాసిపోయేవారికి జీతమూ డీఏనా? ఉప్పు వేసేవారికేమో సేవా?

ఇది నా ఒక్కడి ఉక్రోషం కాదు. ఇలాంటివాళ్లని కార్మికులుగా గుర్తించమని 2013లోనే 45వ భారత కార్మిక సదస్సు సిఫారసు చేసింది. నెలకి వెయ్యి ఇచ్చి వంట చేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరేనని 2020లో అలహాబాద్ హైకోర్టు తేల్చింది. మనది మూడు వేలు కదా, మూడింతల మర్యాద అనుకుని మురిసిపోతున్నట్టున్నారు.

వచ్చే బడ్జెట్టులో పన్నెండు నెలలకీ కనీస వేతనం రాయండి. ఆ తర్వాత బోర్డు మీద ఎవరి పేరు పెట్టుకున్నా వంటవాళ్లకి అభ్యంతరం ఉండదు.