ఏం బిడ్డ?

ఎదురింటి అక్క కూతురికి కాన్పయినప్పుడు మా ఇంటికి మైసూర్‌పాకు వచ్చింది. ఒకటి కాదు, రెండు డబ్బాలు. మా మీద ఎంత అభిమానమో అనుకుని తినేశాను. ఏం బిడ్డో కూడా చెప్పే ఉంటారు. నాకు మైసూర్‌పాకు గుర్తుంది గానీ బిడ్డ గుర్తులేదు.

ఆరు నెలలకు కూతురూ అల్లుడూ చెన్నై నుంచి గూడూరులో రైలు దిగి, కారులో మనుబోలు చేరారు. ఇప్పుడు అక్కను అడగలేను. "ఏం అబ్బయా, ఆ పొద్దు అంత తింటివే, అదన్నా గుర్తుపెట్టుకోకపోతివా?" అంటుంది. అందుకే అల్లుణ్ణి పట్టుకున్నాను. పంజాబీ అబ్బాయి, తలపాగా, మంచి నవ్వు. అతనికి తెలుగు రాదు, నాకు పంజాబీ రాదు, అక్కకు ఇంగ్లీషు రాదు. మూడోదే నా ధైర్యం.

చూసి కనిపెట్టొచ్చు కదా అంటారేమో. మా వైపు అది అంత తేలిక కాదు. మొక్కు తీరేదాకా జుట్టు పెంచిన మగపిల్లోడికి జడేసి, పూలు చుట్టి, పట్టుపావడా కట్టి ఫొటో తీయిస్తాం. నాదీ ఒకటుంది, కోపం వచ్చినప్పుడల్లా మా ఆవిడ బీరువాలోంచి తీసి చూసుకుంటుంది. కొండకు పోయొచ్చిన ఆడపిల్లేమో నున్నటి గుండుతో తిరుగుతుంది. దిష్టిచుక్క ఇద్దరికీ, చెవిపోగులు ఇద్దరికీ. చాప మీద పడుకున్న ఈ బిడ్డకు నడినెత్తిన గూడూరు నిమ్మకాయంత ముడి, ఒంటి మీద పసుపుపచ్చ చొక్కా. ఇంకే ఆధారమూ లేదు.

తెలుగులోనైతే నెగ్గుకొద్దును. "బిడ్డ నిద్రపోయిందా? పాలు తాగిందా?" అంటే మగబిడ్డకూ సరిపోతుంది, ఆడబిడ్డకూ సరిపోతుంది. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం రాస్తూ మహత్తు, మహతి, అమహత్తు అని లెక్క తేల్చాడు. ఒక్క ఆడమనిషి వస్తే గొడ్డూగోదాతో కలిపి 'వచ్చింది' అంటాం, ఇద్దరు కలిసొస్తే మాత్రం మగవాళ్లతో సమానంగా 'వచ్చారు'. ముప్పై ఏళ్లు ఈ పాఠం చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆడపిల్లలు ఆ ఏర్పాటు నేనే చేసినట్టు చూసేవాళ్లు. ఇంగ్లీషులో ఆ చాటు లేదు. హీ అనాలి, కాదంటే షీ అనాలి. ఇట్ అందామంటే అది కుర్చీకీ కుక్కపిల్లకీ వాడే మాట.

మనకు ఇలాంటప్పుడు ఒక చక్కటి ప్రశ్న ఉంది. "ఏం బిడ్డ?" అంటాం, అంతే. బర్రె ఈనినా "ఏం దూడ?" అనే అడుగుతాం. పెయ్యదూడ అంటే ఇంటిల్లిపాదికీ సంబరం. మనుషుల దగ్గరికొచ్చేసరికి ఆ సంబరం తిరగబడుతుంది. అందుకే 1994లో చట్టం తెచ్చి, లింగ నిర్ధారణ చెయ్యబోమని స్కానింగ్ సెంటర్ల గోడలకు బోర్డులు పెట్టించారు. కడుపులో ఉండగా కనుక్కోబోతే మూడేళ్ల దాకా జైలు. నేనడిగేది పుట్టిన బిడ్డ గురించి గనక చట్టం నా జోలికి రాదు. వస్తే గిస్తే అక్కే రావాలి.

ఆ చక్కటి ప్రశ్ననే ఇంగ్లీషులోకి దించాను.

"వాట్ బేబీ?"

అల్లుడు ఉలిక్కిపడి చాప వైపు చూశాడు. "దిస్ బేబీ, అంకుల్."

"యెస్, యెస్. విచ్ బేబీ?"

"ఎల్డర్."

ఆరు నెలలకే పెద్దరికమా! నా ఇంగ్లీషు మీద అనుమానమొచ్చి దారి మార్చాను. "వెన్ హెయిర్ కటింగ్? తిరుమల ఆర్ పెంచలకోన?"

"నో కటింగ్, అంకుల్. నెవర్," అంటూ నవ్వి, తన తలపాగా చూపించాడు. అంతసేపూ అది నా కళ్లెదుటే ఉంది.

పేరడిగాను. చివర 'ప్రీత్' అని వచ్చే పేరు చెప్పాడు. అదీ తేల్చలేదు. 2025లో ప్రపంచ కప్పు గెలిచిన మహిళల క్రికెట్ జట్టు కెప్టెన్ హర్మన్‌ప్రీత్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన మగవాళ్ల హాకీ జట్టు కెప్టెనూ హర్మన్‌ప్రీతే. ఆమె కౌర్, ఆయన సింగ్. అది తట్టగానే ప్రాణం లేచొచ్చింది.

"ఫుల్ నేమ్, ప్లీజ్?"

"ఏందబ్బయా, వచ్చినప్పటి నుంచి వివరాలు అడగతానే ఉండావు, రేషన్ కార్డు రాస్తా ఉండావా?" అంది అక్క వంటింట్లోంచి.

అల్లుడు పాపం ఓపిగ్గా చెప్పాడు. చివర కౌర్!

"షీ ఈజ్ స్లీపింగ్! షీ ఈజ్ వెరీ బ్యూటిఫుల్!" అన్నాను, 'షీ' దగ్గర గట్టిగా నొక్కి, వీధిలోకి వినపడేట్టు.

అప్పుడు లోపలి గదిలోంచి అక్క కూతురు వచ్చింది. చంకలో ఇంకో బిడ్డ. అదే పసుపుపచ్చ చొక్కా, నెత్తిన అదే నిమ్మకాయంత ముడి.

"మామా, చిన్నది కూడా లేచింది," అంది.

చిన్నది! బిడ్డ గనక 'లేచింది'. అదీ ఏ వైపూ మొగ్గని మాటే. రెండో డబ్బా మైసూర్‌పాకు ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది. అక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నా మొహంలోకే చూస్తా నిలబడింది.

చిన్నయసూరికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

"ఇద్దరూ బలే ముద్దుగా ఉండారక్కా!"