ఇంటికాడ ఖాళీ

నా పుట్టిల్లు జమ్మలమడుగు, మెట్టినిల్లు ప్రొద్దుటూరు, ఉద్యోగం పులివెందుల. కాన్పు సెలవు ముగిసేసరికి మూడూళ్లూ మూడు తీర్పులు చెప్పేశాయి. పుట్టింట్లో ‘ఇంత చదివించింది ఇంట్లో కూచోడానికా?’ అన్నారు. అత్తింట్లో ‘పిల్లోన్ని ఎవురు చూడాల?’ అన్నారు. ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు. నా కుర్చీని ఫ్యాను కింద నుంచి బీరువా పక్కకు జరిపారంతే.

సలహాల్లోకెల్లా గట్టిది మా వీధి చివర మగ్గాలింటి పెద్దమ్మది. “నా మాదిరి ఇంటికాడ ఖాళీగా ఉండి పిల్లోన్ని చూసుకుంటే పోలా పాపా?” అనింది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కుడిచెయ్యి రాట్నం తిప్పుతోంది, ఎడమచెయ్యి కండెకు నూలు పడుతోంది, కాలికి కట్టిన తాడు మనవడి ఉయ్యాలను ఊపుతోంది, పొయ్యి మీద సంగటి ఉడుకుతోంది. ఇంత ఖాళీ నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు. కరోనాలో సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇంటి నుంచి పని అని గొప్పగా చెప్పుకున్నారు గానీ, మా మగ్గాల ఇళ్లలో అది తాతల నాటిది. కాకపోతే నేసిన చీర పెద్దాయన లెక్కలో పడుతుంది, చుట్టిన కండెలు ఎవరి లెక్కలోనూ పడవు. మిల్లీగ్రాము బంగారాన్ని కూడా వదలకుండా తూచే ఊరు మాది. ఈ పనిని తూచే త్రాసు మాత్రం ఏ అంగట్లోనూ లేదు.

జనాభా లెక్కలాయన వచ్చి అడిగినా ఆమె “ఏం పని సామీ, ఇంటికాడే” అంటుంది. ఆయనా అట్లాగే రాసుకుంటాడు. ఇంటిపని మాత్రమే చేసేవాళ్లు ఆ పుస్తకంలో పనిచేయనివాళ్లే మరి! 2019లో కేంద్రం టైమ్ యూజ్ సర్వే చేసి, జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేల్చింది. అదీ, ఆ పని అసలు ముట్టుకోని వాళ్లను పక్కన పెట్టాక. మా ఆయన ఆ 97 చూసి “మరీ అంతనా!” అన్నాడు. నిజమే, మా ఇంటికి అది ఎక్కువే.

2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి 12 వారాల సెలవును 26 చేశారు. 50 మంది పనిచేసే చోట పిల్లల గది ఉండాలన్నారు. మా ఆఫీసులో వాచ్‌మన్‌ను కలుపుకున్నా ఇరవై తలలు లేవు. కాబట్టి మా క్రెష్ పేరు జేజి. జీతం లేదు, సెలవు లేదు. సమ్మె ఉంది గానీ నోటితోనే. ఊరి పిల్లలందరినీ చూసే అంగన్‌వాడీ అక్కలకు కూడా ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 11,500 రూపాయల గౌరవం చాలదని వాళ్లు 2023 డిసెంబరులో సమ్మెకు దిగితే, అది తేలేసరికి సంక్రాంతి కూడా దాటిపోయింది.

నేను ఉద్యోగానికే పోతున్నా. ‘నీ జీతం బస్సుకే సరిపాయ’ అనే వాదన ఒకటి ఇంట్లో బలంగా ఉండేది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక అది చచ్చిపోయింది. కొత్తది వెతుకుతున్నారు.

పిల్లల్ని చూడ్డం కూడా పనే అని ఒప్పుకున్న చట్టం నాకు ఒక్కటే కనబడింది, 2005 నాటి ఉపాధి హామీ. పనికాడికి ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు వస్తే, వాళ్లను చూడ్డానికి ఒకామెను పెట్టి కూలి ఇవ్వాలని అందులో రాశారు. ఇంటికాడ చూస్తే ఖాళీ, గట్టు మీద వేపచెట్టు కింద చూస్తే కూలి! ఈ సంగతి మా అత్తకు చెప్పినా. ఒళ్లో మనవణ్ణి సర్దుకుంటూ కాసేపు లెక్క వేసుకుంది.

“అట్లయితే ఇంగో నలుగుర్ని కనమ్మా, నాకు కూలన్నా వస్తాది” అనింది.