గురుత్వాకర్షణ

బడిపంతులు కావాలంటే డీఎస్సీ రాయాలి గానీ, యోగా పంతులు కావడానికి ఒక చాప, తెల్ల లాల్చీ చాలనుకునేవాళ్లు మా పాలమూరు వైపు ఇంకా ఉన్నారు. కాదండీ. ఆయుష్ వాళ్ల యోగా సర్టిఫికేషన్ బోర్డు 2018లో వచ్చింది. ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్ దగ్గర మొదలెడితే యోగా మాస్టర్ దాకా మెట్లున్నాయి, ప్రతి మెట్టుకీ పరీక్షే. అమెరికాలో యోగా అలయన్స్ లెక్కలో 200 గంటల శిక్షణ మొదటి మెట్టు మాత్రమే. ఆ తర్వాత మూడేళ్లకోసారి, ఇంకో 30 గంటలు నేర్చుకున్నామని చూపించాలి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలులో క్లాసులు పెట్టినవాడికి ఆ లెక్క అవసరం లేదు. వద్దన్నా నేర్పి పంపిస్తారు.

గద్వాల సంస్థానంలో ఒకప్పుడు కవిపండితులకు ఎంత ఆదరణంటే, ఊరికి 'విద్వద్గద్వాల' అనే పేరొచ్చింది. సంస్థానం పోయినా, వచ్చినవాణ్ని పరీక్షించే గుణం ఊళ్లో మిగిలింది. నా బ్యాచులో మగ్గం నేసేవాళ్లున్నారు. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు అతికే పని వాళ్లది. ఒక పెద్దాయనకు దండాసనం చూపించి, వెన్ను నిటారుగా పెట్టమన్నాను.

"గిట్ల కూసుంటె నాడె ఎట్లాడ్తది సారూ?" అన్నాడు.

నాడె ఎందుకాడదో చూద్దామని వాళ్లింటికి వెళ్లి గుంట మగ్గంలో కాళ్లు దించాను. పాదాలు కింద చెక్కలు తొక్కాలి, చెయ్యి తాడు లాగాలి, కళ్లు అంచు పోగు మీంచి కదలకూడదు, మెడ దానంతటదే వంగుతుంది. కాసేపటికి నా మెడ 'సారూ' అని పిలవడం మొదలెట్టింది. ఆ బ్యాచుకి ఇప్పుడు మెడ, మడమల తర్వాతే మిగతా ఆసనాలు.

వనపర్తి వేరే రకం. రాజావారి ప్యాలెస్‌లో 1959లోనే పాలిటెక్నిక్ పెట్టుకున్న ఊరు. వృక్షాసనంలో తూలిన రిటైర్డ్ ఇంజనీరు, "గరిమనాభి పాదం దాటి పోయింది, అందుకే పడ్డాను, బ్యాలెన్సు లేక కాదు" అని తేల్చేశాడు. కాళ్లు వంగనివాళ్ల కోసం బి.కె.ఎస్. అయ్యంగార్ కుర్చీలు, తాళ్లు, చెక్కదిమ్మెలు వాడేవారు కదా. ఆ ధైర్యంతో నేనూ ఇటుకలు తెప్పించాను. వెంటనే ఆయనే, "స్లాబు ఎప్పుడు సార్?" అన్నాడు.

పతంజలి యోగసూత్రాలు 195. వాటిలో ఆసనం ఎలా ఉండాలో చెప్పేవి మూడే. కదలకుండా, హాయిగా ఉండాలన్నది వాటి సారం. ఆ రెండూ ఒక్కచోట నాకు కనిపించింది నాగర్‌కర్నూలులోనే. మలాసనం గురించి, తొడకండరాల గురించి, జీర్ణశక్తి గురించి చెబుతూ, మడమల కింద తువ్వాల చుట్ట పెట్టుకుని నేను కిందికి దిగుతున్నాను. మనవరాలితో వచ్చిన ముసలమ్మ అప్పటికే గోడ వారగా గొంతుక్కూర్చుని, ఒళ్లో పల్లికాయలు పోసుకుని ఒలుస్తోంది. మడమలు నేలకు అతుక్కుపోయి ఉన్నాయి.

"గింతదానికి పైసలు తీస్కుంటున్నవా బిడ్డా?" అంది.

మర్నాడు వాడకట్టు ఆడవాళ్లను వెంటేసుకొచ్చింది. బ్యాచు నిండిందని మురిసి ఫీజు రసీదు పుస్తకం తీశాను.

"నేర్సుకోనీకి గాదు," అంది, "నువ్వు కూసునేది సూస్తరంట."